రాగిరేకు, రికార్డు కంపెనీ

సంగీతాన్ని ఉపాసనగా నేర్చుకున్న కుర్రవాడో అమ్మాయో సొంతంగా నాలుగు పాటలు కట్టి, వాటిని ఏదో ఒక మ్యూజిక్ కంపెనీ చెవిన వేద్దామని బయల్దేరేసరికి ఎవరో ఒకరు ఒక మాట అననే అంటారు: త్యాగయ్య రాజుగారి పిలుపునే కాదన్నాడు, నువ్వు కంపెనీల గుమ్మాలు ఎక్కుతానంటావా? మాట తేలిగ్గా అన్నదే అయినా దాని వెనకున్న ప్రశ్న తేలికైంది కాదు. సాధనగా మొదలైన దాన్ని సరుకు చేశాక అది సాధనగా మిగులుతుందా? వినేవాళ్లను వెతుక్కుంటూ పోవడం ఫలాపేక్ష కిందికి వస్తుందా? వస్తుందనేవాళ్లకు త్యాగయ్య, పోతన, అన్నమయ్య ముగ్గురూ సాక్షులుగా సిద్ధంగా ఉన్నారు. రాదనేవాళ్లు 'కాలం మారింది, కడుపు నిండాలి కదా' అని ఆ ముగ్గురికీ ఒక దండం పెట్టి పక్కన కూర్చోబెడతారు. ఈ రెండు పక్షాలూ ఆ ముగ్గురి కథలను సరిగా చదవలేదని నా అభిప్రాయం. ఆ మహానుభావులు కాదన్నది ఒక్కదాన్నే: పాట ఎవరి కోసం పుట్టాలో ఆ చోటును ఇంకొకరికి ఇచ్చెయ్యడాన్ని. పాట నలుగురికీ చేరడాన్ని గానీ, చేర్చే సాధనాన్ని గానీ వాళ్లు తప్పు పట్టిన దాఖలా కనబడదు. ఈ తేడా పట్టుబడితే, కంపెనీ దృష్టిలో పడాలనుకునే కొత్త సంగీతకారుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చాలావరకు దానంతటదే తేలుతుంది.

అన్నమయ్య కథనే తీసుకుందాం. మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర ప్రకారం సాళువ నరసింహరాయలు ఆయన్ను ఆదరించి పిలిపించుకున్నాడు, సభలో పాడించుకున్నాడు, శృంగార సంకీర్తన విని మురిసిపోయాడు. అంతవరకూ అన్నమయ్యకు ఏ అభ్యంతరమూ లేదు. రాజు వినడమూ ఆదరించడమూ ఆయనకు మైలగా తోచలేదు. ఆ ఆనందంలో రాజు తన మీద కూడా అలాంటి పాట ఒకటి చెప్పమన్నాడు చూడండి, పేచీ అక్కడ వచ్చింది, సంకెళ్ల దాకా పోయింది. వినేవాడు వినేవాడుగా ఉన్నంతసేపూ చెలిమి. పాటలో వేంకటేశ్వరుడి స్థానంలో తానే కూర్చుంటానన్న మరుక్షణం వైరం. భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్న పోతన కథలోనూ, తంజావూరు శరభోజీ ఆస్థానం నుంచి వచ్చిన కానుకలు వద్దని అన్నగారి కోపానికి గురైన త్యాగయ్య కథలోనూ ఉన్నది ఇదే. ఈ కథల్లో ప్రతి వివరమూ చరిత్రకు నిలుస్తుందని నేననను. అయినా ఒక జాతి తన పాటగాళ్లలో ఏ గుణాన్ని తలకెత్తుకుందో చెప్పడానికి ఇవి చాలు.

తలకెత్తుకున్న ఆ నిరాకరణ తర్వాత ఏం జరిగిందన్నది మాత్రం మన ప్రవచనాల్లో పెద్దగా వినబడదు. నాకు అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది. అన్నమయ్య కొడుకు పెదతిరుమలయ్య కాలంలో తాళ్లపాకవారి పాటలను రాగిరేకుల మీద చెక్కించారు. తాటాకు చవక, రాగి ఖరీదు. ఆ ఖర్చు భరించగల స్తోమత దేవస్థానంతో, విజయనగర ప్రభువులతో ఆ కుటుంబానికున్న సంబంధాల వల్లే వచ్చింది. గుడికి తాళ్లపాకవారు ఇచ్చిన దానాలను తిరుమల శాసనాలే చెబుతాయి. అంటే రాజుమీద ఒక్క పాట చెప్పనన్న మనిషి పాటలు రాజాదరణ ఉన్న వ్యవస్థలోనే లోహమెక్కాయి. ఆ రేకును దగ్గరగా చూస్తే ఇంకో విషయం బోధపడుతుంది. పైన రాగం పేరు, కింద పల్లవి, చరణాలు. అంతే. చాలావరకు స్వరం లేదు. గుడిలోపలి ఒక అరలో ఆ రేకులు శతాబ్దాల తరబడి మౌనంగా పడి ఉన్నాయి. గత శతాబ్దంలో బయటికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించేనాటికి 12 వేలకు పైగా సంకీర్తనలకు సాహిత్యం దక్కింది, బాణీలు పోయాయి. ఇవాళ మనం అన్నమయ్య కీర్తనలని వినేవాటిలో చాలా వాటి సంగీతం రాళ్లపల్లివారిదో, నేదునూరి కృష్ణమూర్తిగారిదో, బాలకృష్ణప్రసాద్‌గారిదో. మాట పదిహేనో శతాబ్దానిది, పాట ఇరవయ్యో శతాబ్దానిది. 

త్యాగయ్యకు రాగిరేకులు లేవు. ఆయనకు ఉన్నది శిష్యులు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ కూర్చుని రాసుకున్నారు. ఉమయాల్పురంవారు, తిల్లైస్థానంవారు తమ తమ పాఠాంతరాలు నిలుపుకున్నారు. గురువు 1847లో సిద్ధి పొందారు, బాణీలు ఈనాటికీ నడుస్తున్నాయి. పాఠాంతరాల మధ్య పోట్లాటలున్నాయంటే అవి బతికి ఉన్నాయనే అర్థం. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత గట్టి లోహమైనా, పాడుకునే నోళ్లు లేకపోతే పాటలో సగాన్నే కాపాడింది. ఏ లోహమూ లేకపోయినా, పాడుకునే నోళ్లు ఉన్నచోట పాట మొత్తం మిగిలింది. మోసుకుపోయే సాధనం వేరు, వినేవాళ్లు వేరు. మొదటిది రెండోదానికి బదులు రాదు.

రికార్డు కంపెనీ మన కాలపు రాగిరేకు. పెట్టుబడి పెడుతుంది, అన్ని వేదికల మీదా పాటను ఉంచుతుంది, ప్రచారం చేస్తుంది, హక్కులు తీసుకుంటుంది. జనం చేత ఆ పాట పాడించడం మాత్రం దాని చేతిలో లేదు, ఆ సంగతి కంపెనీలకు మనకన్నా బాగా తెలుసు. ప్రపంచం మొత్తం మీద రోజుకు లక్ష పాటల దాకా ఆన్‌లైన్ వేదికల మీదికి వచ్చిపడుతున్న కాలంలో, పరిచయం లేనివాడు పంపిన డెమో లింకును ఓపిగ్గా తెరిచి చివరిదాకా వినే తీరిక ఏ ఆఫీసులోనూ ఎక్కువ లేదు. వాళ్లు చూసేది ఇంకోటి. విన్నవాళ్లు మళ్లీ వచ్చి విన్నారా, తమ జాబితాలో దాచుకున్నారా, పాట పేరుతో కాక పాడినవాడి పేరుతో వెతుక్కుంటూ వచ్చారా, అతని ఊళ్లో కార్యక్రమం పెడితే హాలు నిండుతుందా, తోటి కుర్రాళ్లు ఆ పాట ఎత్తుకుని పాడి వీడియోలు పెడుతున్నారా. ఒక్క పాట గాలివాటున పేలిపోవడం కన్నా, ఒకే ముద్ర ఉన్న నాలుగైదు పాటలు క్రమంగా పెరుగుతూ ఉండటం మీద వాళ్లకు గురి ఎక్కువ. మొదటిది అదృష్టం కావచ్చు, రెండోదాన్ని అదృష్టమనడం కష్టం. బతుకమ్మ పాటలతో, తెలంగాణ పాటలతో టీవీల ద్వారా ఇంటింటికీ పరిచయమైన మంగ్లీని సినిమా ఆ తర్వాతే పిలిచింది. డబ్బిచ్చి కొన్న వ్యూస్‌తో ఈ లెక్కను మోసం చెయ్యవచ్చనుకునేవాళ్లున్నారు. అలాంటి దొంగ వినికిడిని పసిగట్టి తొలగించే ఏర్పాట్లు వేదికలు చేసుకున్నాయి. అంతకన్నా ముఖ్యం, కొన్న శ్రోత పాడడు, ఇంకొకరికి చెప్పడు. రేకు ఒకటి ఎక్కువైందంతే, నోరు ఒక్కటీ పెరగలేదు.

ఘంటసాల జీవితాన్ని ఈ కోణంలో చూడాలి. విజయనగరంలో ఇంటింటా మధుకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చిన మనిషి. మద్రాసు చేరాక ఒక కంపెనీలో ఆ గొంతు మైకుకు పనికిరాదన్నారని చెబుతారు. ఆయన ఆ గుమ్మం దగ్గరే కూలబడలేదు. సముద్రాల రాఘవాచార్యగారి ఆసరా దొరికింది, రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు పాడించారు. ఆ గొంతు చెవిన పడ్డ పేకేటి శివరాం, తాను పనిచేస్తున్న హెచ్.ఎం.వి.లో ఆయన చేత ప్రైవేటు పాటలు రికార్డు చేయించారు. కంపెనీ తలుపు తీసింది లోపలున్న అభిమాని. ఆ అభిమానిని సంపాదించిపెట్టింది కంపెనీ బయట పాడిన పాట. ఇందులో కొత్తవాళ్లకు పనికొచ్చే ఉపాయం కన్నా పనికొచ్చే క్రమం ఎక్కువ ఉంది: ముందు నాటకం, రేడియో, ఊళ్లో వేదిక, ఏదైతేనేం, గొంతు నలుగురి చెవుల్లో పడాలి. ఇవాళ ఆ రేడియో చోటును సొంత యూట్యూబ్ ఛానెల్ భర్తీ చేస్తోంది, అంతే తేడా.

ఇక్కడ వేదాంతి అడ్డు తగులుతాడు, అడ్డు తగలాలి కూడా. ఎవరు మళ్లీ విన్నారు, ఎంతమంది దాచుకున్నారు అని రోజూ లెక్కలు చూసుకునేవాడికి నిష్కామ కర్మ ఎక్కడిది? గీతాకారుడు వద్దన్నది సరిగ్గా దీన్నే కదా? ఈ ఆక్షేపణలో బలం ఉంది. లెక్కలు చూడటం దురలవాటుగా మారుతుంది. సంఖ్య పెరిగిన రోజు పొంగి, తగ్గిన రోజు కుంగి, ఆ కుంగుబాటులో తర్వాతి పాటను సంఖ్య కోసం కట్టడం మొదలుపెడతాడు మనిషి. అన్నమయ్యను రాజు అడిగిన చోటు అదే: పాటలో నన్ను కూర్చోబెట్టు అని. రాజు పోయాడు, సంఖ్య వచ్చి ఆ మాటే అడుగుతోంది. అయితే గీత చెప్పినవాడు అర్జునుణ్ణి గురి చూడకుండా బాణం వెయ్యమనలేదు. బాణం ఎక్కడ తగిలిందో తెలుసుకోవడం పనిలో భాగం. తగిలిన చోటును బట్టి తన విలువ కట్టుకోవడమే బంధం. త్యాగయ్య కూడా శిష్యుడికి పాఠం వచ్చిందా లేదా అని చూడకుండా ఉండి ఉండరు. పైగా ఇంకొక సంగతి ఉంది. ఫలం మీద ఆశ వదలమని చెప్పే ఆ భగవద్గీతే తెలుగువాళ్లలో చదువురాని ఇంటికి కూడా చేరిందంటే, 1974 ఫిబ్రవరిలో కన్నుమూయడానికి కొద్దికాలం ముందు ఘంటసాల పాడిన రికార్డు వల్లే. దాన్ని అచ్చొత్తి అమ్మింది లాభం కోసం పనిచేసే కంపెనీ.  అమ్మకపు సాధనం తాకినందువల్ల ఉపదేశం మైలపడిపోతుందనేవాళ్లు ముందు ఆ రికార్డును ఏం చేస్తారో చెప్పాలి.

రెండో ఆక్షేపణ సూక్ష్మమైనది. సాధనం తటస్థంగా ఉండదు, మోస్తూ మోస్తూ పాటను తన కొలతకు కోసేస్తుంది అంటారు. నిజమే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, గంట సేపు విస్తరించదగ్గ రాగం మూడు నిమిషాలకు కుదించుకుపోయింది. ఈనాటి రీల్స్ ఆ మూడు నిమిషాలను ముప్ఫై సెకన్లు చేస్తున్నాయి. పల్లవికి ముందు ఆలాపన పెడితే వినేవాడు వేలితో తోసేస్తాడని కుర్ర స్వరకర్తలకు భయం. నా జవాబు ఇది: కొలతకు ఒదగడం వేరు, కొలతకు పుట్టడం వేరు. గౌహర్ జాన్ మూడు నిమిషాల్లో పాడింది ఆమెకు గంటసేపు పాడటం వచ్చు కాబట్టి రాణించింది. ముప్ఫై సెకన్ల కోసమే పుట్టిన పాటకు ముప్ఫై ఒకటో సెకను ఉండదు. దీని కన్నా ఇబ్బంది పెట్టే ఉదాహరణ క్షేత్రయ్య. మధుర, తంజావూరు, గోల్కొండ ప్రభువుల దగ్గర పాడాడంటారు. చాలా పదాల్లో మువ్వగోపాలుడే నాయకుడు. కొన్నింట్లో మాత్రం తంజావూరు ప్రభువు విజయరాఘవ నాయకుణ్ణే నిలబెట్టాడు. అంటే నేను గీసిన గీతను ఆ మహాపదకర్తే దాటాడు. దాటినంత మాత్రాన ఆ పదాలు చెడలేదు కూడా. దీన్ని బట్టి నేనొప్పుకునేది ఏమిటంటే, నరుడి మీద పాడితే పాట చచ్చిపోతుందని సూత్రం చెప్పలేం. చెప్పగలిగింది ఇంతే: వందల పదాలు ఒక గోపాలుడి చుట్టూ తిప్పుకుని గొంతును స్థిరపరచుకున్నవాడు పోషకుడి కోసం కొన్ని పాడినా తట్టుకున్నాడు. మొదటి పాటే పోషకుడి కోసం పాడేవాడికి ఆ నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలియదు. కంపెనీ అడిగిన బీటుకు పాట కట్టి ఇవ్వడం పాపమేమీ కాదు. అదే తొలి పని కాకూడదు.

ఇంకా పదునైన మాట ఒకటుంది, దాన్ని దాటవెయ్యకూడదు. కాదనడం స్తోమత ఉన్నవాళ్ల భోగమని. ఉంఛవృత్తి చేసుకునే వీలు త్యాగయ్యకు, మధుకరం ఎత్తే వీలు ఘంటసాలకు వాళ్లు పుట్టిన కులం ఇచ్చింది. అదే భిక్షాపాత్ర పట్టుకుని ఒక దళిత గాయకుడు అదే వీధిలో నిలబడితే ఆ తలుపులు తెరుచుకునేవా? దేవుడి పేర భిక్ష కూడా ఒక పోషణ వ్యవస్థే, దానికీ అర్హతా నియమాలున్నాయి. సంతకం పెట్టనక్కర్లేదు కనక అది ఒప్పందంలా కనబడదంతే. ఈ వాదానికి నేను తల వంచుతాను. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి మందిరాన్నే చూడండి. ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్న రోజుల్లో, దేవదాసి కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ తన కచేరీల సంపాదన పోసి దాన్ని కట్టించారు. రాజధనం వద్దన్న వాగ్గేయకారుడి సమాధి ఒక వృత్తి గాయని ఆర్జనతో లేచింది. ఆమె సంపాదించకపోయి ఉంటే ఆయన నిరాకరణను స్మరించుకునే చోటు ఆ రూపంలో ఉండేది కాదు. కాబట్టి ఏ ఆసరా లేని పిల్లలకు త్యాగయ్యను చూపించి కంపెనీ గడప తొక్కవద్దనడం ధర్మోపదేశం అనిపించుకోదు. నిరాకరణకు వెల ఉంటుందని పోతన కథ కూడా చెబుతుంది. భాగవతంలో కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయ పూరించాల్సి వచ్చింది. రాజు ఆగ్రహించి గ్రంథాన్ని పాతిపెట్టించడం వల్ల ఆ భాగాలు శిథిలమయ్యాయని లోకంలో చెప్పుకునే కథ. కథ నిజం కాకపోవచ్చు, భద్రపరిచేవాళ్లు లేని ప్రతికి పట్టే గతి మాత్రం నిజమే.

ఇక చివరిది, వైరాగ్యం పేరుతో జరిగే అశ్రద్ధ. 'నాకు పేరెందుకు, పాట వెళితే చాలు' అని ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టే అమాయకులు భక్తి సంగీతంలో ఎక్కువ. రాజును కాదన్న త్యాగయ్య తన కీర్తన చివర పేరు వేసుకోవడం మానలేదు. రికార్డు చివర గౌహర్ జాన్ తన పేరు గట్టిగా చెప్పేది. ఇప్పుడు ఆ ముద్ర పని చేసేది పాటతోపాటు ఎక్కించే వివరాలు: రాసిందెవరు, స్వరపరిచిందెవరు, పాడిందెవరు, ఎవరి వాటా ఎంత. స్నేహంలో మొదలైన బ్యాండులు ఆ వాటాలు ముందే రాసుకోకపోవడం వల్ల విడిపోతాయి. వివరాలు తేలని పాటను ఎంత బాగున్నా కొనడానికి కంపెనీ జంకుతుంది, ఎందుకంటే రేపు ఎవరు కోర్టుకు లాగుతారో తెలియదు. ఒప్పందంలో గడువు రాయకపోతే మన కాపీరైట్ చట్టం ఐదేళ్లనే లెక్కిస్తుంది. అందుకే కంపెనీల కాగితాల్లో గడువు స్పష్టంగా రాసి ఉంటుంది, తరచు 'శాశ్వతంగా' అని. ఆ ఒక్క మాట దగ్గర కొత్తవాడు ఆగి బేరమాడాలి. 2012లో వచ్చిన సవరణ ఇంకో అడుగు వేసింది: రచయితా స్వరకర్తా తమ రాయల్టీ హక్కును వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ బదలాయించలేరు, స్వచ్ఛందంగా వదులుకోనూ లేరు. వేదాంతికి ఇది విడ్డూరంగా తోచవచ్చు, ఫలత్యాగానికి చట్టం అడ్డుపడుతోందని. అడ్డుపడుతున్నది కంపెనీకి అనుకూలంగా చేయించే త్యాగానికి. చేతికి వచ్చాక ఏం చేసుకున్నా ఎవరూ అడగరు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963లో పాడిన వెంకటేశ సుప్రభాతం రికార్డు మీద వచ్చే రాయల్టీని తిరుమల తిరుపతి దేవస్థానాల వేదపాఠశాలకు ఇచ్చేశారు. అలా ఇవ్వాలంటే ఆ డబ్బు ముందు ఆమెది కావాలి.